గోడ మీది మొహాపి

మొహాపికి అన్యాయం జరిగిందని అతని భార్య మత్సెలిసో నేటికీ అంటుంది. జరగలేదనేవారు మా వీధిలో ఆ మాట ఆమె ముఖాన అనరు గానీ, వారి సంఖ్య తక్కువేమీ కాదు. నేను ఇరుపక్షాల మాటలూ విన్నాను. కొన్నింటికి నేనే సాక్షిని. చూసినదానినీ విన్నదానినీ కలిపేయకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొహాపి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. దక్షిణాఫ్రికాలోని ఈ సెబోకెంగ్‌లో మా తరం మగవారిలో ఎందరి బతుకులో ఆ కర్మాగారపు బస్సుల్లోనే గడిచాయి కనుక అందులో విశేషమేమీ లేదు. అతనిది పెద్ద గొంతు కాదు. చర్చిలో ఏ పదవీ లేదు. ఫుట్‌బాల్ ఆడినవాడు కాడు, జైలుకు వెళ్ళినవాడూ కాడు. మా కాలంలో ఒక మగవాడి పేరు పదిమంది నోళ్ళలో పడడానికి ఉన్న దారులు దాదాపు అవే. అతనికి ఉన్నదల్లా ఒక పట్టుదల. తన నోట్లోకి వెళ్ళే తిండి తాను అనుకున్నట్టుగా ఉండాలి.

బస్సు దిగే మలుపులో దిసెబొ అనే ఆవిడ తన ఇంటి గరాజు కిటికీలోంచి కోటాలు అమ్మేది. పావు వంతు బ్రెడ్డును నిలబెట్టి, మధ్యలోని మెత్తని భాగం తవ్వి తీసి, ఆ గుంటలో వేయించిన బంగాళాదుంప ముక్కలు, పోలొనీ అనే గులాబిరంగు మాంసపు బిళ్ళ, పైన మామిడికాయ ఊరగాయ వేస్తారు. తవ్వి తీసిన ముక్కనే మూతగా పెట్టి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. దాన్నే కోటా అంటాం. అది పనినుంచి వచ్చేవాడు ఇల్లు చేరేలోపు నడుస్తూ తినే తిండి. కనుక కిటికీ దగ్గర మాటలు తక్కువ. “ఒకటి”, “రెండు”, అంతే.

మొహాపి మాత్రం కిటికీ మీద మోచేతులు ఆనించి తీరిగ్గా మొదలుపెట్టేవాడు.

“అమ్మా దిసెబొ, నాకు పోలొనీ వద్దు.”

“వద్దంటే రేటు తగ్గదు.”

“తగ్గించమన్నానా? దాని బదులు గుడ్డు వెయ్యి. పచ్చసొన పగలకూడదు. దుంపముక్కలు ఒకసారి వేయించి తీసి, చల్లారాక మళ్ళీ వెయ్యి. ఊరగాయ పైన వెయ్యకు. గుంట లోపల గోడలకి పూసెయ్యి. నూనె రొట్టెలోకి దిగాలి.”

“అయిందా?”

“ఆ మూత ముక్క ఉంది చూడు, దాన్ని అలాగే పెట్టెయ్యకు. సాసేజ్ వేయించిన కొవ్వుంటుంది కదా పెనం మీద, అందులో ఎర్రగా కాల్చి పెట్టు.”

“ఇంకా? కాళ్ళు కూడా పట్టమంటావా?”

వెనక వరుసలో ఉన్నవారు ఊరుకునేవారు కారు. “న్తాతే,” అని అరిచేవారు. పెద్ద మగవారిని మేము అలాగే పిలుస్తాం. “న్తాతే, ఇది కోటా కిటికీ! పెళ్ళిచూపులు కాదు. ఏదో ఒకటి కట్టేసుకుని పో!”

“కట్టుకునేదాన్ని కట్టేసుకున్నాను. ఇది తినేది. ఇక్కడైనా చూసుకోనివ్వండి,” అనేవాడు మొహాపి, వెనక్కి తిరగకుండానే.

దిసెబొ గొణుక్కుంటూనే చేసిపెట్టేది. జీతం వచ్చే ప్రతి శుక్రవారం ఇదే తంతు. కొన్నాళ్ళకు ఆమెకు చెప్పించుకునే అవసరం లేకపోయింది. మరికొన్నాళ్ళకు వరుసలో వెనక నిలబడి వెక్కిరించినవాడే, ఆ కాల్చిన మూత వాసనకు ఆగలేక, “ఆయనకి చేసినట్టే నాకూ ఒకటి,” అన్నాడు. తర్వాత ఇంకొకడు. అంత పొడుగు మాట ఎవరంటారు? అది తొందరలోనే “ఒక మొహాపి” అయింది.

దిసెబొ తన గోడకు రంగు వేయించిన ఏడాది, బోర్డులు రాసేవాడు ఆమె చెప్పిన పేర్లన్నీ నల్లని అక్షరాలతో కిటికీ పక్కన వరుసగా రాశాడు. ఉత్తిది, పోలొనీది, సాసేజ్‌ది. వాటి కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, మొహాపి.

ఆ ఆదివారం మొహాపి చర్చికి వేసుకునే కోటు వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని ఆ మలుపు దాకా నడిచి వచ్చాడు. ఇద్దరూ రోడ్డుకు అవతల నిలబడి చూశారు.

“పెళ్ళి సర్టిఫికెట్టు మీద కూడా నీ పేరు ఇంత పెద్దగా లేదు,” అంది మత్సెలిసో.

“అక్కడ స్థలం తక్కువ,” అన్నాడు అతను.

ఇది ఆమె నాకు చెప్పినది. ఆ తర్వాతి సంగతులు మాత్రం వీధి అంతటికీ తెలుసు. అతని ముఖం ఎన్నడూ చూడని పిల్లలు కూడా అతని పేరు చెప్పి తినేవారు. పరిచయస్థులు దారిలో ఆపి పరాచికాలాడేవారు.

“నిన్న నిన్ను రెండుసార్లు తిన్నాను న్తాతే. రాత్రంతా కడుపులో ఒకటే గోల.”

“నమిలి తినాలి బాబూ. నేను కాస్త ముదురు.”

ఆ మాట అంటూ అతను నవ్వే తీరులో ఒక గృహస్థు హుందాతనం ఉండేది. అది నేను చూశాను.

కర్మాగారంలో అతని కొలిమి ఆరిపోయింది. చేతిలో ఒక కవరు పెట్టి ఇంటికి పంపారు. ఇది ఒక్క మొహాపికి జరిగినది కాదు కనుక దాన్ని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినది ఆ తర్వాతిది. పని పోయిన మగవాడిని మా దగ్గర మొదట అడిగేది, “ఇప్పుడేం చేస్తున్నావు?” అని. ఆ ప్రశ్నకు భయపడి కొందరు చర్చి మానేశారు, కొందరు తాగుడు మొదలుపెట్టారు. మొహాపి రెండూ చేయలేదు. ఎవరైనా అడిగితే, “మలుపులో గోడ మీదున్నాను, చూడలేదా?” అనేవాడు. అడిగినవాడు నవ్వేవాడు, సంభాషణ మరో దారి పట్టేది. ఆ జవాబు లేకపోతే అతని దగ్గర వేరే జవాబు లేదు. ఈ విషయం గుర్తుంచుకుంటే తప్ప తర్వాత అతను ప్రవర్తించిన తీరు అర్థం కాదు.

దిసెబొ పోయింది. కిటికీ ఆమె కూతురు మోసిదీ చేతికి వచ్చింది.

మోసిదీ గురించి నిష్పక్షపాతంగా చెప్పాలి. ఆమె సోమరి కాదు, మోసగత్తె కాదు. తల్లి వైద్యానికి చేసిన ఖర్చంతా ఆమె మీదే పడింది. రోజులో సగం కరెంటు కోత. గ్యాసు మీద దుంపముక్కలు రెండుసార్లు వేయించాలంటే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి రావాలి? గుడ్డు ధర పెరిగింది. వరుసలో నిలబడేవారు పూర్వంలా కర్మాగారం జీతగాళ్ళు కారు, జేబు తడుముకుని కొనేవారు. ఇవన్నీ నిజాలే. ఆమె ఒకటొకటిగా మార్చుకుంటూ వచ్చింది. రెండో వేపుడు పోయింది. మూత కాల్చడం పోయింది. ఊరగాయ గోడల మీదినుంచి పైకి వచ్చింది. చివరికి గుడ్డు పోయి, పోలొనీ తిరిగొచ్చి, దాని మీద పసుపుపచ్చని చీజు బిళ్ళ ఒకటి చేరింది. గోడ మీద పేరు మాత్రం అదే. ఆ పేరుకే ఎక్కువ గిరాకీ.

పని పోయాక మొహాపి కోటా కొనడం అరుదైంది. కొన్న రోజున కిటికీ దగ్గరే కాగితం విప్పాడు. ఆ రోజు నేను వరుసలో ఉన్నాను.

“ఇదేంటమ్మా?”

“మొహాపి.”

“మొహాపి ఎవరు?”

“అయ్యో న్తాతే, మీరే కదా!” అని మోసిదీ నవ్వింది.

“నేనైతే గుడ్డేది? ఈ పచ్చబిళ్ళ ఎవరిది? మా వంశంలో ఎవరికీ లేదే.”

వరుసలో ఉన్నవారు నవ్వారు. మోసిదీ నవ్వు ఆగిపోయింది.

“గుడ్డు రేటు చూశారా ఈమధ్య? రెండుసార్లు వేయించడానికి గ్యాసు ఎవరిస్తారు, మీరిస్తారా? అమ్మ రోజులు వేరు న్తాతే.”

“వేరే. నేను కాదన్నానా? చెయ్యలేకపోతే మానెయ్యి. చెయ్యనిదానికి నా పేరెందుకు?”

“పేరు గోడది. గోడ మాది.”

“ఆ గోడకి ఆ పేరు ఎక్కడ్నించి వచ్చింది?”

ఆమె కిటికీలోంచి ముందుకు వంగి గొంతు తగ్గించింది. అయినా నాకు వినిపించింది. “చూడండి, ప్రతి శుక్రవారం మీకొకటి ఊరికే ఇస్తాను. గుడ్డు వేసి, మూత కాల్చి, అమ్మ చేసినట్టే చేస్తాను. ఎవరికీ చెప్పకండి. సరేనా?”

“నాకొకటి, ఊరికొకటా?”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“సరిగ్గా చెయ్యి. లేకపోతే ఆ పేరు తీసెయ్యి.”

ఈ చివరి మాట అతను గట్టిగానే అన్నాడు. వరుసలో ఉన్న వారందరూ విన్నారు. ఈ మాట తర్వాత మళ్ళీ వస్తుంది.

మోసిదీ ఇవ్వజూపినది చిన్నదేమీ కాదు. తీసుకోవలసినంత లేమి అతనికి ఉంది. తీసుకోలేదు. దాన్ని అహంకారం అన్నవారున్నారు. నాకు మాత్రం అలా తోచలేదు. తన పేరు పెట్టిన తప్పుడు సరుకు ఊరంతా తింటుంటే, మూల కూర్చుని అసలైనది ఒకటి తాను మాత్రం తినడమంటే, నోరు మూయించుకోవడానికి తింటున్నట్టే అవుతుంది.

మోసిదీ పేరు తీయలేదు, తీరూ మార్చలేదు. మొహాపి బస్సు మలుపులో కూర్చోవడం మొదలుపెట్టాడు. కోటా విప్పుకుంటూ వెళ్ళేవారిని పిలిచి చెప్పేవాడు.

“బాబూ, అది మొహాపి కాదు.”

“గోడ మీద రాసుంది కదా?”

“గోడ అబద్ధం చెబుతోంది. నేను మొహాపిని.”

“మీరే మొహాపి అయితే, మిమ్మల్ని మీరే కాదంటారేంటి? ఎండ దెబ్బ తగిలిందా తాతా?”

మొదట్లో కొందరు జాలిపడ్డారు. తర్వాత అదొక వినోదమైంది. మత్సెలిసో వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. “నీ పేరు కోసం నా పరువు తీస్తున్నావు,” అనేదట. మర్నాడు అతను మళ్ళీ అక్కడే ఉండేవాడు.

అతనికి చక్కెర వ్యాధి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. పాదం మీద ఒక పుండు లేచింది. ఆ మలుపులో కూర్చోవడానికి రోజూ అంత దూరం నడవడం వల్ల అది ముదిరిందని మత్సెలిసో అంటుంది. కావచ్చు. ఆసుపత్రిలో చేర్చేటప్పటికే ఆలస్యమైంది. మోకాలి కింద కాలు తీసేశారు.

డాక్టరు చెప్పిన కారణాలు వేరు. వీధి కనిపెట్టిన కారణం వేరు. తెల్ల బ్రెడ్డు, నూనెలో దుంపలు, కొవ్వులో కాల్చిన మూత, అదే కాలు తినేసిందని వీధి తేల్చేసింది. సాక్ష్యం చూస్తే ఇది నిలవదు. అతను వారానికి ఒక్కటి తినేవాడు, చివరి సంవత్సరాలలో అదీ లేదు. పైగా వీధివారు తింటున్నది అతని వంటకమే కాదు. కానీ కోటా కిటికీ దగ్గర సాక్ష్యం ఎవరు అడుగుతారు?

“ఏమిమ్మంటావు? మొహాపా?”

“వద్దులే అక్కా. నా కాళ్ళు రెండూ నాక్కావాలి.”

ఈ పరాచికం ఒకరి నుంచి ఒకరికి పాకింది. గోడ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్న పేరును అడిగేవారు లేకపోయారు. సరిగ్గా ఆ సమయంలోనే ఒక కూల్‌డ్రింకు కంపెనీ మనిషి వచ్చాడు. ఊరికే ఫ్రిజ్ ఇస్తామన్నాడు. బదులుగా గోడ తమకిస్తే చాలు, ఎర్రరంగు వేసి తమ బొమ్మ రాసుకుంటాం, కోటాలకు పేర్ల బదులు నంబర్లు వేస్తాం అన్నాడు. మోసిదీ ఒప్పుకుంది. ఆమె స్థానంలో ఎవరున్నా ఒప్పుకునేవారే.

రంగులవాళ్ళు శుక్రవారం వచ్చి గోడకు తెల్లపూత వేశారు. అది ఆరాక సోమవారం వచ్చి ఎర్రరంగు వేస్తామని వెళ్ళిపోయారు.

మా వాళ్ళలో ఇంట్లో మనిషి పోతే కిటికీ అద్దాలకు బూడిద పూస్తాం. దారిన పోయేవారు ఆ తెల్లని అద్దాలు చూసి, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే సంగతి గ్రహిస్తారు. మొహాపి ఆసుపత్రిలో ఉన్నాడని అందరికీ తెలుసు. గురువారం చీకటిపడ్డాక బంధువుల కారులో ఇంటికి తెచ్చారన్నది పక్కింటివారికి కూడా సరిగా తెలియదు. శనివారం పొద్దున్న అతని పేరు ఉండవలసిన చోట తెల్లగా పూసి ఉంది. చూసినవారందరూ ఒకే అర్థం చేసుకున్నారు. మోసిదీని ఒక్కమాట అడిగితే తేలిపోయేది. కానీ చావు కబురును నిజమేనా అని గుచ్చి అడగడం మాలో మర్యాద కాదు.

అంత్యక్రియల సంఘానికి మామొరేనా పెద్ద. కబురు విన్న గంటలో ఆడవారిని కూడగట్టింది. భుజాల మీద దుప్పట్లు కప్పుకుని, పెద్ద వంటపాత్ర ఒకటి, టీ సామాను మోసుకుని, కీర్తన పాడుకుంటూ మొహాపి ఇంటికి బయలుదేరారు. మత్సెలిసో పిండి కొనడానికి వెళ్ళింది. మొహాపి తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కీర్తన దగ్గరికి రావడం విని, లేవలేక, మెడ చాచి కేక వేశాడు.

“అమ్మా మామొరేనా! ఎవరు పోయారు?”

పాత్ర ఆమె చేతిలోంచి జారి గేటు దగ్గర పడింది.

“న్తాతే...” అంది ఆమె. “నువ్వే.”

“నేనా? ఎప్పుడు?”

వెనక ఉన్నవారిలో ఒకావిడ కెవ్వుమంది. ఒకావిడకు నవ్వు ఆగలేదు. మరొకావిడ ఏడుస్తూనే, “పాటలో రెండు చరణాలు మిగిలిపోయాయి, ఏం చెయ్యాలి?” అంది. అందరూ లోపలికి వచ్చారు. టీ కాచారు. పోయినవాడి ఇంటికి తెచ్చిన పంచదార బతికున్నవాడి కప్పులో ఒకావిడ వెయ్యబోతే, వేరొకరు చెయ్యి పట్టుకున్నారు. “చక్కెర వెయ్యకే! ఈసారి నిజంగా పోతాడు.”

గది నవ్వుతో నిండిపోయింది. మొహాపి నవ్వలేదు.

“నేను పోయానని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు న్తాతే. గోడ... మలుపులో గోడ మీద నీ పేరుకి తెల్లగా పూసేశారు. అది చూసి...”

“మొత్తమా, సగమా?”

“మొత్తం.”

“ఏమీ కనిపించట్లేదా? అక్షరాల జాడ?”

మామొరేనా కప్పులోకి చూసింది. “పాలు పోసినట్టుంది,” అంది.

సోమవారం మత్సెలిసో చర్చివారి చక్రాల కుర్చీ అడిగి తెచ్చింది. అతను కోటు వేసుకున్నాడు. ఆమెను వంటగదిలోకి పంపి ఒక గుడ్డు తెప్పించుకుని, చేతిరుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. గోతుల రోడ్డు మీద ఆమె కుర్చీ తోసుకుంటూ వస్తుంటే, అతను ఆ జేబు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

రంగులవాళ్ళు నిచ్చెన మీద ఉన్నారు. సగం గోడ అప్పటికే ఎర్రబడింది. కిటికీ పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు.

మోసిదీ పక్క తలుపులోంచి బయటికి వచ్చింది. మర్యాదగానే వచ్చింది. “రండి న్తాతే, కూర్చోండి,” అని, అతను కూర్చునే ఉన్నాడని గమనించి మాట మింగేసింది.

“నా పేరేది?”

“మీరే కదా తీసెయ్యమన్నారు.”

అతను నిచ్చెన వైపు చూశాడు.

“అందరి ముందూ అన్నారు. సరిగ్గా చెయ్యకపోతే తీసెయ్యమన్నారు. తీసేశాను.”

కుర్చీ వెనకనుంచి మత్సెలిసో అడిగింది. “ఆయన అడిగినప్పుడు తియ్యలేదేం? గిరాకీ ఉన్నన్నాళ్ళూ ఎందుకుంచావు?”

మోసిదీ ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది. “గిరాకీ ఉంది కాబట్టే ఉంచానమ్మా,” అంది.

ఆమె ఆ మాట దాచుకోలేదు. అబద్ధమాడితే తిట్టడానికైనా వీలుండేది.

మొహాపి కుర్చీని కిటికీ దగ్గరకు తోయించుకున్నాడు. కిటికీ గట్టు ఇప్పుడు అతని గడ్డానికి వస్తోంది. మోచేతులు ఆనించడానికి వీలు లేదు.

“పోలొనీ వద్దు,” అన్నాడు. “గుడ్డు వెయ్యి. పచ్చసొన పగలకూడదు. దుంపముక్కలు రెండుసార్లు. ఊరగాయ లోపలి గోడలకి పుయ్యి. మూత కొవ్వులో కాల్చు.”

“అది ఇప్పుడు నాలుగో నంబరు న్తాతే, కానీ అందులో—”

“నంబరు కాదు. చెప్పినట్టు చెయ్యి.”

“గుడ్లు లేవు.”

అతను చేతిరుమాలు విప్పి గుడ్డు గట్టు మీద పెట్టాడు. మోసిదీ తీసుకుంది. దుంపలు మొదటి వేపుడు అవుతుండగా వరుస పెరిగింది. సెక్యూరిటీ యూనిఫారంలో ఉన్న ఒకతను, ఈ వీధివాడు కాడు, విసుక్కున్నాడు.

“ఇంతసేపేంటి పెద్దాయనా? నంబరు చెప్పి పక్కకి జరగొచ్చు కదా!”

ఆ పెద్దాయన ఎవరో అతనికి చూపించడానికి గోడ మీద ఏమీ లేదు.

మోసిదీ గుడ్డును పెనం అంచుకు కొట్టింది. పచ్చసొన పగిలి పెనమంతా పాకింది. ఆమె చాలాకాలంగా గుడ్లు వేయకపోవడం వల్ల అలవాటు తప్పిందని నా అభిప్రాయం. రెండో గుడ్డు లేదు. ఆమె తలెత్తి చూసింది.

“వెయ్యి,” అన్నాడు మొహాపి.

దుంపలు రెండోసారి వేయించలేదు. వరుస అరుస్తోంది. కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బు వద్దంది. అతను గట్టు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తినకూడదని ఆసుపత్రివారు చెప్పిన తిండి అది. మత్సెలిసో అడ్డు చెప్పలేదు. ఎండలో, తడి రంగు వాసనలో, అందరూ చూస్తుండగా మొత్తం తిన్నాడు.

“ఎలా ఉంది?” అని అడిగింది మత్సెలిసో, కాగితం తీసుకుంటూ.

“మూత కాల్చలేదు,” అన్నాడు.

ఆ తర్వాత అతను ఆ మలుపుకు రాలేదు. క్లినిక్కుకు వెళ్ళవలసి వస్తే మత్సెలిసో వెనక వీధి గోతుల్లోంచే కుర్చీ తోసుకుపోయేది. ఇప్పుడేం చేస్తున్నావని అతన్ని ఎవరూ అడగలేదు. ఒంటికాలి మనిషిని ఎవరూ అడగరు.

అతను నిజంగా పోయింది ఒక శీతాకాలంలో. మోసిదీ వచ్చి, అంత్యక్రియలకు ముందు రెండు రాత్రులూ మిగతా ఆడవారితో కూర్చుని దుంపల తొక్క తీసింది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేరు. మత్సెలిసో ఆమెతో మాట్లాడలేదు. ఆమెనూ తప్పుపట్టలేం.

అతను పోయిన రోజు పొద్దున్న ఇంటి కిటికీ అద్దాలన్నిటికీ బూడిద పూసి ఉంది. వీధిలో అందరూ చూశారు. అయినా గేటు దాకా ఎవరూ రాలేదు. దుప్పట్లు కప్పుకుని, పాత్ర సిద్ధంగా పెట్టుకుని, ఆడవారు మలుపులో ఎర్రగోడ దగ్గర నిలబడ్డారు. ఈసారి నిజమేనా అని కనుక్కురమ్మని మామొరేనా ముందుగా ఒక మనిషిని పంపింది.